పంక్తులు దిద్దు పనిముట్టు

వ్రాతకు రెండు ధర్మములు గలవు. వ్రాసినవాని యభిప్రాయమును చెదరకుండ నిలుపుట మొదటిది. చదువువాని కన్నునకు దానిని సులభముగా నందించుట రెండవది. ఈ రెండును వేఱువేఱని తాటియాకు గ్రంథమును చూచినవారు వెంటనే గ్రహింతురు. ఆ గ్రంథములలో మాటకును మాటకును నడుమ ఎడము విడుచు నాచారము లేదు. అక్షరములు ఆకు ఈ కొననుండి ఆ కొనవఱకు వరుసగా సాగిపోవును. ఎచ్చట నొక మాట ముగిసినదో, ఎచ్చట మఱియొకటి మొదలైనదో చదువరియే తేల్చుకొనవలెను. అచ్చుపని వ్యాపించిన పిమ్మట మాటల నడుమ ఎడము, వాక్యము తుదను చుక్క, విషయము మాఱినచోట క్రొత్త పేరా అలవాటైనవి. అందుచేత గ్రంథములోని యర్థ మేమియు పెరుగలేదు. చదువువాని శ్రమ మాత్రము మిక్కిలి తగ్గెను.

కంప్యూటరు కొఱకు వ్రాయు కోడు విషయమునను ఇదే న్యాయము. వెబ్‌పేజీని తయారుచేయువాడు హెచ్‌.టి.ఎం.ఎల్‌. అను భాషతో పేజీ యొక్క అంగములను, సి.ఎస్‌.ఎస్‌. తో దాని రంగులను కొలతలను, జావాస్క్రిప్టుతో దాని నడవడిని ఏర్పఱచును. ఈ కోడును ఎంత ఇఱుకుగా వ్రాసినను, భాషానియమములు తప్పనంతవఱకు, బ్రౌజరు అభ్యంతరము చెప్పదు. పెద్ద వెబ్‌సైటులవారు ఫైళ్ల పరిమాణము తగ్గుటకై అక్కఱలేని ఎడములను తీసివేసియే మన ఫోనులకు పంపుచుందురు. యంత్రమునకు ఎడములు అక్కఱలేదు, మనుష్యునకు కావలెను. మఱునాడు ఆ కోడులో నొక తప్పును వెదకవలసినవానికి, విడదీయని పంక్తి తాటియాకు కంటెను కష్టమగును.

ఈ చిక్కును తీర్చుటకై ప్రోగ్రామర్లు ఫార్మాటరు అను పనిముట్టును కల్పించుకొనిరి. ఫైలును సేవ్ చేసినంతనే అది కోడునంతయు చదివి, పంక్తులను సమముగా దిద్ది, ఎడములను సరిచేసి, క్షణములో మన యెదుట నుంచును. ఇప్పుడు మన హైస్కూళ్లలో పిల్లలు వెబ్‌పేజీలు చేయ నేర్చుచున్నారు గనుక, ఉపాధ్యాయుల నడుమ నొక ప్రశ్న పుట్టినది. ఈ పనిముట్టును పిల్లల చేతికి ఇయ్యవచ్చునా? ఇచ్చినచో నెప్పుడు? కొందఱు మొదటి దినమునుండియే ఇమ్మనుచున్నారు. కొందఱు పాఠశాల గడప దాటువఱకు వలదనుచున్నారు. ఈ విషయమున నా యభిప్రాయమును, దానికి గల కారణములను విద్యార్థులకును తల్లిదండ్రులకును మనవి చేయుచున్నాను.

ముందుగా నీ పనిముట్టు చేయునదేమో తెలియవలెను. వెబ్ పని చేయువారిలో మిక్కిలి వ్యాప్తి చెందినది ప్రెట్టియర్ అను ఫార్మాటరు. దీనిని జేమ్స్ లాంగ్ అను ప్రోగ్రామరు 2017 జనవరిలో లోకమునకు అందించెను. ఇది మన వ్రాతను అక్కడక్కడ తడిమి సవరించునది కాదు. తెలుగు పంతులు వాక్యమును కర్త, కర్మ, క్రియ, విశేషణములుగా విడదీసినట్లు, ఇది కోడును అంగములుగా విడదీసి, ఏది దేనిలోపలిదో చూపునట్టి యొక వృక్షముగా తన జ్ఞాపకమున నిలుపుకొనును. మనము పెట్టిన ఎడములను, పంక్తుల విఱుపులను చాలవఱకు లెక్కచేయక, ఆ వృక్షమును తన నియమముల ప్రకారము మొదటినుండి మరల వ్రాయును. ఒక భాగము 80 స్థానములలో ఇమిడినచో నొక పంక్తిగా వ్రాయును. ఇమడనిచో ఏ అంగము దగ్గఱ విఱుచుట యుచితమో అచ్చట విఱిచి, లోపలి భాగమును రెండు స్థానములు లోనికి జరుపును. జావాస్క్రిప్టు వాక్యము తుదను సెమికోలన్ లేనిచో చేర్చును. ఒంటి కొటేషను గుర్తులను జంట గుర్తులుగా మార్చును. ఇవి యన్నియు వాడువారు వేఱువిధముగా కోరనప్పుడు అది పాటించు నియమములు.

ఈ యెనుబది యను సంఖ్యకు నొక చరిత్ర గలదు. 1928లో ఐ.బి.ఎం. కంపెనీ ప్రవేశపెట్టిన చిల్లుల కార్డునకు 80 నిలువు వరుస లుండెను. ఒక కార్డున నెన్ని యక్షరములు పట్టునో అంతటితో నొక పంక్తి ముగియుచుండెను. కార్డులు పోయినవి, కార్డులు చదువు యంత్రములు పోయినవి. వాటి వెడల్పు మాత్రము నేటి బాలుని తెరపై నిలిచియున్నది. వాడుక యెంత బలమైనదో దీనివలన తెలియును.

కోడును యంత్రముచేతనే దిద్దించు నూహ కూడ నిన్న మొన్నటిది కాదు. పంక్తి నెచ్చట విఱువవలెనో నిర్ణయించు పద్ధతి నొకదానిని డెరెక్ ఓపెన్ అను శాస్త్రజ్ఞుడు 1980లో ప్రకటించెను. ఆ తరువాత ఫిలిప్ వాడ్లర్ అను ఆచార్యుడు అదే విషయమును గుఱించి వ్రాసిన వ్యాసము ప్రెట్టియర్‌కు ఆధారమైనది. 2009లో గూగుల్ కంపెనీవారు గో అను భాషను ప్రకటించినప్పుడు, దానితో గోఫ్‌మ్ట్ అను ఫార్మాటరును కూడ నిచ్చిరి. అది వాడువాని ఇష్టాయిష్టముల నడుగక, ఆ భాషలోని కోడును ఒక్క తీరుననే దిద్దును. పైథాన్ భాషకు 2018లో వచ్చిన బ్లాక్ అను ఫార్మాటరు కూడ అట్టిదే. దాని పంక్తి వెడల్పు 88 స్థానములు.

పెద్దలు ఈ పనిముట్టును ఏల స్వీకరించిరి? చక్కదనము కొఱకు మాత్రమే కాదు. ముఖ్యముగా కలహములు మానుట కొఱకు. ప్రోగ్రామర్లలో లోనికి జరుపుటకు ట్యాబు మీటను నొక్కవలెనా, స్పేసులు పెట్టవలెనా యనుటపై చాలకాలము వాదములు నడిచినవి. మీసాల బ్రాకెట్టును అదే పంక్తి చివర తెఱువవలెనా, క్రింది పంక్తిలో తెఱువవలెనా యనుటపై మఱికొన్ని. ఇరువదిమంది కలసి పనిచేయుచోట ఇరువది యలవాట్లుండును. ఒకడు వ్రాసినదానిని మఱియొకడు తన యలవాటు చొప్పున జరుపును. మూడవవాడు మరల వెనుకకు జరుపును. ఎవ్వరు నేమి మార్చిరో చూపునట్టి గిట్ అను వ్యవస్థలో ఈ జరుపుటలన్నియు మార్పులుగానే కనబడును. నిజముగా నర్థము మాఱిన ఒక్క పంక్తి, ఎడములు మాత్రమే మాఱిన నూఱు పంక్తుల నడుమ దాగిపోవును. పరీక్షించువాని కన్ను అలసి, చూడవలసినదానిని చూడదు. ఫార్మాటరు వచ్చిన తరువాత ఆ వాదము చాలవఱకు తెగినది. ఎవ్వరి పంతమును నెగ్గలేదు, ఎవ్వరును ఓడలేదు. అందఱును ఒక నియమమునకు లోబడి, తమ బుద్ధిని వాదింపదగిన విషయములకు మిగుల్చుకొనిరి.

వాదింపదగిన దేదో, వాదింపదగని దేదో గుర్తించుటయే ఇందులోని కీలకము. వ్రాత తీరును గుఱించి మన జిల్లాలకంటె నెక్కువ వాదించినవారు ఆంధ్రదేశమున లేరు. శ్రీకాకుళ ప్రాంతమున 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారును, విజయనగరమున జీవితము గడపిన గురజాడ అప్పారావుగారును సహాధ్యాయులు. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణము చొప్పున వ్రాసినదే వ్రాతయని పండితులు పట్టుబట్టిన కాలమున, పిల్లలు తాము మాటలాడు భాషకు దగ్గఱయైన భాషలో వ్రాయుట కవకాశ మియ్యవలెనని వారిరువురును పోరాడిరి. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ యసమ్మతి పత్రమును సమర్పించిరి. ఆ వాదము వ్యర్థమైనది కాదు. అందులో పిల్లవానికి చదువు అబ్బునా అబ్బదా యను ప్రశ్న యిమిడియుండెను. మఱి ట్యాబులా స్పేసులా యను వాదమున నట్టి ప్రశ్న సాధారణముగా లేదు. ఒకటి వ్రాయువాని హక్కును గుఱించిన వాదము. రెండవది అలవాటును గుఱించిన పంతము. మొదటిదానికై యొక మనుష్యుడు జీవితమును వెచ్చింపవచ్చును; రెండవదానికై అరగంటయు వెచ్చింపదగదు. నేనీ వ్యాసమును పాతపద్ధతి తెలుగున వ్రాయుట కూడ నీ పుటల పరిపాటికి లోబడియే. అందువలన నేను చెప్పదలచినదానిలో నేమియు కొఱతపడలేదు.

అందఱి కోడును ఒక్క తీరున నుండిన పిల్లల స్వతంత్రబుద్ధి యణగిపోవునని కొందఱు భయపడుదురు. బొబ్బిలి వీణను చూడుడు. గొల్లపల్లి శిల్పులు పనసకఱ్ఱను తొలిచి చేయు ఆ వీణపై 24 మెట్లుండును. మెట్ల వరుసను మార్చి తన ప్రతిభ చూపుదునని ఏ వైణికుడును కోరడు. మెట్లు స్థిరముగా నుండుటచేతనే వ్రేళ్లు స్వేచ్ఛగా కదలును. కోడులోని ఎడములు మెట్లవంటివి. స్వతంత్రబుద్ధి చూపవలసిన చోటు అది కాదు.

ఇక దీని హద్దులను చెప్పవలెను. పిల్లలు మోసపోవునది ఇచ్చటనే. పొందూరు ఖద్దరు నేత కొఱకు వాలుగ చేప దవడ యెముకతో ప్రత్తిని దువ్వుదురని మన జిల్లా పిల్లలందఱును ఎఱుగుదురు. ఆ యెముకకు గల సన్నని పండ్లు పోగులను వరుసకు తెచ్చి, నలుసులను తొలగించును. కాని దువ్వెన ఎంత మంచిదైనను పొట్టి పోగును పొడవు చేయలేదు. పుచ్చిన ప్రత్తిని మంచి ప్రత్తి చేయలేదు. ఫార్మాటరు కూడ దువ్వెనయే. అది ఉన్న పోగులను వరుసకు తెచ్చును. లేని గుణమును తేలేదు.

ఒక విద్యార్థి మార్కుల మొత్తమును లెక్కించుటకు ప్రోగ్రాము వ్రాసెననుకొందము. మొత్తమునకు "ఎక్స్", సగటునకు "ఎక్స్ రెండు" అని పేరులు పెట్టినచో, ఫార్మాటరు వాటిని అట్లే యుంచును. ఆఱు విషయముల మార్కులను కూడి అయిదుచే భాగించినచో, ఆ తప్పు లెక్కను సమానమైన ఎడములతో అందముగా నమర్చి చూపును. మఱియొక విద్యార్థిని కళింగపట్నమును గుఱించి వెబ్‌పేజీ చేసి, అచ్చట సముద్రమున కలియునది నాగావళి యని వ్రాసినచో, ఆ వాక్యము కూడ చక్కని వరుసలో నిలుచును. అది వంశధార యని చెప్పవలసినవారు ఉపాధ్యాయుడు, భూగోళ పుస్తకము, లేదా ఆ యూరి పడవవాడు. ఫార్మాటరునకు నదులు తెలియవు. శుభ్రముగా నున్నదెల్ల సత్యమని నమ్ముట లోకమున నున్న పెద్ద భ్రమలలో నొకటి.

అయినను ఈ పనిముట్టు తప్పును దిద్దకపోయినను, తప్పును బయటపెట్టుట కలదు. జావాస్క్రిప్టున ఫలితమును తిరిగి యిచ్చుటకు "రిటర్న్" అను మాటను వాడుదురు. ఆ మాటను ఒక పంక్తిలో నొంటరిగా నుంచి, ఇయ్యవలసిన విలువను క్రింది పంక్తిలో వ్రాసినచో, కంప్యూటరు మొదటి పంక్తితోనే వాక్యము ముగిసినదని భావించి, విలువ లేకయే వెనుకకు పోవును. చదువువానికి రెండు పంక్తులును ఒకే వాక్యమువలె తోచును. ప్రెట్టియర్ ఈ తప్పును దిద్దదు. కాని "రిటర్న్" ప్రక్కన సెమికోలన్ పెట్టి, క్రింది పంక్తిని వేఱుగా నిలుపును. కన్ను తెఱచి చూచువానికి ఆ చిన్న గుర్తు "ఇచ్చట నీ వాక్యము తెగినది" అని చెప్పుచున్నది. ఒక బ్రాకెట్టు మూయుట మఱచినచో, అది ఫైలును ముట్టుకొనకయే తప్పున్న స్థలమును చూపి మానుకొనును.

ఇట్టి తప్పులు పిల్లల నోటుపుస్తకములకే పరిమితములు కావు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ తన ఫోనులలోని యొక భద్రతాలోపమును సవరించెను. సి భాషలో వ్రాసిన ఆ కోడులో "గోటు ఫెయిల్" అను పంక్తి పొరపాటున రెండుమారులు పడినది. మొదటిది పైనున్న నియమమునకు లోబడినది. రెండవది ఏ నియమమునకును లోబడక ఎల్లప్పుడును నడచునట్టిది. కాని రెండును సమముగా లోనికి జరుపబడియుండుటచే, రెండును ఆ నియమము క్రిందివే యని కన్ను భ్రమించును. ఆ పంక్తి మూలమున తరువాతి పరీక్ష జరుగకయే సురక్షితమను తీర్పు వచ్చుచుండెను. ఎదుటి వెబ్‌సైటు నిజమైనదో కాదో తేల్చు పరీక్ష యది. ఫార్మాటరు పెట్టియుండినచో రెండవ పంక్తిని ఎడమకు జరిపి, అది నియమమునకు వెలుపల నున్నదని చూపియుండెడిది. కావున సరియైన యెడము అలంకారము మాత్రమే కాదు. అది కోడు చెప్పు నర్థమునకు సాక్ష్యము. సాక్ష్యము తప్పైనచో, చూచిన పెద్దలును మోసపోవుదురు.

ఎడములు సాధారణముగా పంతపు విషయమని పైన చెప్పితిని. అందులకు అపవాదములు రెండు గలవు. చూపులేని ప్రోగ్రామర్లలో కొందఱు కోడును బ్రెయిలీ పలకపై వ్రేళ్లతో చదువుదురు. ఆ పలకపై ఒక వరుసకు కొన్ని గళ్లు మాత్రమే యుండును. లోనికి జరుపుటకు స్పేసులు వాడినచో ఒక్కొక్క స్పేసు ఒక గడిని తినివేయును. ట్యాబు వాడినచో ఒక్క గడితో సరిపోవును. మనకు సమానములుగా తోచునవి వారికి సమానములు కావు. ప్రెట్టియర్‌లో ట్యాబులు కోరుకొనుట కవకాశము కలదు గనుక, అట్టి సహచరుడున్న బృందము దానిని కోరుకొనుట ధర్మము. ఇక రెండవది హెచ్‌.టి.ఎం.ఎల్‌. లోనిది. రెండు మాటల నడుమనున్న ఎడము పేజీపై కనబడును గనుక, ఫార్మాటరు దానిని ఇష్టము వచ్చినట్లు కలుపలేదు, తీసివేయలేదు. అందుచేతనే అప్పుడప్పుడు మూత గుర్తును వింతగా క్రింది పంక్తికి విఱుచును. చూచుటకు వికారముగా నున్నను, అది అర్థమును కాపాడుటకై చేసిన పని. అందమునకును సత్యమునకును పోటీ వచ్చినప్పుడు ఆ పనిముట్టు సత్యమునే యెన్నుకొనును. ఈ యొక్క గుణమునందు అది మనకు కూడ ఆదర్శమే.

తల్లిదండ్రులు కొందఱు దీనిని నేటి కృత్రిమ మేధ యంత్రములతో కలిపి తలంచి, పిల్లలకు బదులు యంత్రమే పాఠము వ్రాయుచున్నదని కలత చెందవచ్చును. ఆ రెండును వేఱు. కృత్రిమ మేధ అడిగినవానికి కోడును తానే వ్రాసి యిచ్చును. ఒకే ప్రశ్నకు నేడొక విధముగను, రేపొక విధముగను వ్రాయవచ్చును. ఫార్మాటరు ఒక్క క్రొత్త యాలోచనయు చేర్చదు. ఒకే కోడును, ఒకే నియమములతో, అదే ప్రతిలో నూఱుమారులిచ్చినను నూఱుమారులును ఒక్క తీరుననే దిద్దును. కనుక దొంగపాఠమను నింద దీనికి చెల్లదు.

ఇప్పుడు పాఠశాల ప్రశ్నకు వచ్చెదను. చేతితోనే దిద్దుకొనవలెనను ఉపాధ్యాయుల మాటలో సత్యము కలదు. చూచివ్రాత వ్రాయని పిల్లవానికి చేవ్రాత కుదురదు. పంక్తిని లోనికి జరుపునప్పుడు "ఇది దేని లోపలిది?" అని బాలుడు తన్ను తాను ప్రశ్నించుకొనుచున్నాడు. ఆ ప్రశ్నయే ప్రోగ్రామునకు ప్రాణము. మొదటి దినముననే యంత్రము ఆ ప్రశ్నకు బదులు చెప్పినచో, బాలుడు ప్రశ్నించుటయే మానివేయును. పైథాన్ వంటి భాషలో పంక్తిని లోనికి జరుపుటయే యర్థము. అచ్చట ఎంత జరుపవలెనో తెలియనివానికి ఏ ఫార్మాటరును సాయపడలేదు. అంతియే కాదు. మన పిల్లలలో పలువురు విజయనగరమున 2022లో ఏర్పడిన జె.ఎన్‌.టి.యు. గురజాడ విశ్వవిద్యాలయపు కళాశాలలలోను, ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐ.టి. లోను చేరగోరుచున్నారు. ఇంజనీరింగు పరీక్షలలో ప్రోగ్రాములను కలముతో కాగితముపై వ్రాయవలసివచ్చును. కాగితమునకు సేవ్ మీట లేదు.

అయినను పాఠశాల విడుచువఱకు పనిముట్టు వలదనువారి మాటను నేనంగీకరింపను. కారణము న్యాయమునకు సంబంధించినది. తరగతిలో కొందఱి యింట ల్యాప్‌టాపు కలదు. అన్నయో అక్కయో హైదరాబాదున గాని విశాఖపట్టణమున గాని సాఫ్ట్‌వేరు పనిలో నుండి, ఫార్మాటరును పెట్టి యిచ్చియుందురు. ఆ పిల్లవాని ప్రాజెక్టు అద్దమువలె మెఱయును. తీరగ్రామమునుండి వచ్చు జాలరి బిడ్డకును, పలాస జీడిపప్పు బట్టీలలో పనిచేయు తల్లి బిడ్డకును వారమునకు రెండు పీరియడ్లు బడి కంప్యూటరే గతి. అందులో సగము కాలము ఎడములు సరిచేయుటకే పోవును. శుభ్రతకు మార్కులని మనము ప్రకటించినచో, ఒకనికి యంత్రము సంపాదించిన మార్కులను ఇచ్చి, మఱియొకనికి యంత్రము లేనందుకు మార్కులు తగ్గించినవారమగుదుము. రెండవవాడు చేసిన యాలోచన మొదటివానికంటె గొప్పదైనను దానిని చూచుటకు మనకు తీరిక యుండదు. ఇది చిన్న విషయముగా తోచవచ్చును; కాని "నాకు కంప్యూటరు రాదు" అని పదునాల్గేండ్ల బాలిక మనసున నాటుకొనుటకు ఇట్టి చిన్న మార్కులే చాలును.

కావున నేను చెప్పు మార్గము నడిమిది. మొదటి మూడు నెలలు ప్రతి విద్యార్థియు చేతితోనే వ్రాయవలెను. మొదట కాగితముపై, తరువాత తెరపై. లోపలిదేదో వెలుపలిదేదో గీతలు గీచి చూపవలెను. ఆ తరువాత బడిలోని యన్ని కంప్యూటర్లలోను ఒకే ఫార్మాటరును, ఒకే నియమములతో, అందఱికిని సమానముగా తెఱువవలెను. ప్రెట్టియర్ ఉచితముగా దొరకునది. ఒకమారు ఎక్కించినచో ఇంటర్నెట్ లేకున్నను పనిచేయును. కనుక ఖర్చు అడ్డు కాదు.

పనిముట్టును ఇచ్చిన పిమ్మట ఒక నియమము పెట్టవలెను: ముందు చెప్పి, పిమ్మట నొక్కుట. మీట నొక్కుటకు ముందు విద్యార్థి తన కోడు ఎట్లు మాఱునో ప్రక్కవానికి నోటితో చెప్పవలెను. చెప్పినట్లే వచ్చినచో వానికి నిర్మాణము తెలిసినది. వేఱుగా వచ్చినచో, ఏల వచ్చినదో వెదకవలెను. ఎచ్చటనో బ్రాకెట్టు తప్పియుండును, లేక వాని యవగాహనయే తప్పియుండును. ఈ విధముగా వాడినచో పనిముట్టు సోమరితనమును పెంపక, ఓర్పుగల ప్రతిపరీక్షకుడగును.

మార్కుల విషయమున ఉపాధ్యాయులకు నా మనవి యిది. యంత్రము చేయగల పనికి మార్కులు పెట్టవలదు. యంత్రము చేయలేని పనికి పెట్టుడు. పేరులు అర్థవంతములుగా నున్నవా? పెద్ద పనిని చిన్న ఫంక్షనులుగా విడదీసెనా? సున్న మార్కులు వచ్చిన విద్యార్థికిని, గైరుహాజరైన విద్యార్థికిని తన ప్రోగ్రాము భేదము చూపుచున్నదో లేదో పరీక్షించెనా? పేజీలోని తెలుగు తప్పులు లేక యున్నదా? చిన్న ఫోనులో తెఱచినను చదువ వీలగుచున్నదా? ఇవి మనుష్యుని పనులు. ఇంగ్లీషు పేరులకు తడబడు పిల్లవాడు మొత్తమునకు "మొత్తము" అనియే పేరు పెట్టినను తప్పు లేదు. జావాస్క్రిప్టు తెలుగు లిపిలోని పేరులను కూడ అంగీకరించును. పేరు దేనికో తెలిసి పెట్టుట ముఖ్యము. అలవాటైన పిమ్మట నలుగురును వాడు పేరులు తామే వచ్చును.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు పెద్ద బృందములలో పనిచేయుదురు. అచ్చట మీ పంక్తులను దిద్దు యంత్రము మీరు చేరకముందే సిద్ధముగా నుండును. మీకు నచ్చని తీరున దిద్దినను దానితో జగడమాడకుడు. మీ పట్టుదలను ఎడములపై వ్యయపఱపక, మీ ప్రోగ్రాము వాడు రైతునకు ధర సరిగా చూపుచున్నదా, ఆసుపత్రిలో రోగి పేరు తాఱుమాఱు కాకున్నదా యను ప్రశ్నలపై వ్యయపఱపుడు. దువ్వెన పని దువ్వెనకు విడువుడు. నూలు మీ చేతిదై, గట్టిదై యుండవలెను. మీ కోడును మీ వెనుక వచ్చువాడు తెఱచి చదివినప్పుడు, వ్రాసినవాడు తెలిసి వ్రాసెనని వానికి తోచినచో, మీ యుపాధ్యాయుల శ్రమ ఫలించినట్లే.